మడ అడవి ప్రాణం కడలిలోనా, నదిలోనా? గోదావరి, కృష్ణా డెల్టాలు ఏం చెబుతున్నాయి?

ఆంధ్రప్రదేశ్‌లో మడ అడవులు పెరిగాయని ప్రభుత్వ లెక్క. భారత అటవీ సర్వే సంస్థ 2021 నివేదిక ప్రకారం రాష్ట్రంలో మడ విస్తీర్ణం 405 చదరపు కిలోమీటర్లు. 2023 నివేదికలో అది 421 చదరపు కిలోమీటర్లకు చేరింది. ఇదే నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద మడ విస్తీర్ణం 4,992 చదరపు కిలోమీటర్లు. అంతకు ముందు అంచనాతో పోలిస్తే దేశంలో ఏడు చదరపు కిలోమీటర్లకు పైగా తగ్గింది. దేశంలో తగ్గినప్పుడు రాష్ట్రంలో పెరిగిందంటే సంతోషించాల్సిన విషయమే.

అదే తీరం గురించి ఇంకో లెక్క ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కాకాని నాగేశ్వరరావు బృందం గోదావరి, కృష్ణా జంట డెల్టాల తీరాన్ని పాత పటాలతో, ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చూసింది. 1965 నుంచి 2008 వరకు 43 ఏళ్లలో, 336 కిలోమీటర్ల తీరం వెంబడి నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసిపోయిందని 2010లో ప్రచురించిన ఆ అధ్యయనం తేల్చింది.

మడ అడవి ఉండేది సరిగ్గా నేల, నీరు కలిసే ఆ అంచులోనే. అంచు కరిగిపోతున్న తీరంలో అడవి విస్తీర్ణం ఎలా పెరుగుతుంది? పెరిగిన అడవి రేపటి తుపానులను, ఎల్లుండి పెరిగే సముద్ర మట్టాన్ని తట్టుకుంటుందా? ఈ ప్రశ్నలకు జవాబు కావాలంటే వాతావరణం, సముద్రం, నది ఈ మూడూ మడ చెట్టు మీద ఎలా పనిచేస్తాయో విడివిడిగా చూడాలి.

ఆటుపోట్ల మధ్య బతుకు

రాష్ట్రంలో మడ అడవులు ప్రధానంగా రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి గోదావరి సాగరసంగమం. గౌతమీ పాయకు, కాకినాడ అఖాతానికి మధ్య విస్తరించిన కోరంగి అభయారణ్యం ఇక్కడే ఉంది. 1978లో ప్రకటించిన ఈ అభయారణ్యం విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. రెండోది కృష్ణా నది మొగల దగ్గర, దివిసీమ నుంచి రేపల్లె వైపు విస్తరించిన కృష్ణా అభయారణ్యం. ఇవి కాక తీరం పొడవునా చిన్న చిన్న ఏర్ల మొగల దగ్గర అక్కడక్కడా మడ గుబుర్లు కనిపిస్తాయి.

'మడ' అంటే ఒకే జాతి చెట్టు కాదు. నల్లమడ, తెల్లమడ, ఉప్పు పొన్న, తిల్ల వంటి పలు జాతులు ఈ అడవిలో కలిసి పెరుగుతాయి. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు కాబట్టి దాన్ని నరికేటప్పుడు జాగ్రత్త పడతారు. ఈ జాతులన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక కష్టం. వీటి వేళ్లుండే బురదలో గాలి ఆడదు, రోజుకు రెండుసార్లు పోటు వచ్చి ముంచుతుంది, నీటిలో ఉప్పు ఉంటుంది.

ఆ కష్టాన్ని ఒక్కో జాతి ఒక్కో రకంగా దాటింది. నల్లమడ, తెల్లమడ బురదలోంచి పైకి పెన్సిళ్లలా శ్వాస వేర్లను పంపుతాయి. నీరు తీసినప్పుడు గాలి పీల్చుకునేది వాటితోనే. పొన్న చెట్టు కాండం నుంచి ఊత వేర్లను దించి బురదలో నిలదొక్కుకుంటుంది. దాని గింజ తల్లి చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడవాటి మొలకగా కింద పడి, బురదలో గుచ్చుకుంటుంది లేదా నీటిలో కొట్టుకుపోయి ఇంకెక్కడో నాటుకుంటుంది. ఉప్పును కొన్ని జాతులు వేళ్ల దగ్గరే వడకడతాయి. ఇంకొన్ని ఆకుల మీదుగా బయటికి నెట్టేస్తాయి. తెల్లమడ ఆకు వెనక ఉప్పు పలుకులు కనబడేది అందుకే.

ఇన్ని ఏర్పాట్లున్నా మడ చెట్టు ఒక ఇరుకైన ఎత్తులోనే బతుకుతుంది. నేల మరీ పల్లమైతే శ్వాస వేర్లు ఎప్పుడూ నీటిలోనే ఉండి ఊపిరాడదు. మరీ మెరకైతే పోటు నీరు అందక నేల ఎండి ఉప్పు తేలుతుంది. ఈ రెండిటి మధ్య తేడా మీటర్లలో కాదు, చాలా చోట్ల అడుగుల్లోనే ఉంటుంది. కాకినాడ తీరంలో ఆటుకు, పోటుకు మధ్య తేడా ఒకటిన్నర మీటరుకు మించదు. సుందర్బన్స్‌లో ఇది అంతకు రెండు మూడు రెట్లు ఉంటుంది. ఆటుపోట్ల తేడా తక్కువగా ఉన్న చోట మడకు దొరికే చోటు కూడా తక్కువ. అందుకే సముద్ర మట్టంలో చిన్న మార్పు కూడా ఇక్కడ పెద్ద ప్రభావం చూపిస్తుంది.

ఉప్పు తట్టుకోవడం వేరు, ఉప్పు కోరుకోవడం వేరు

మడ చెట్లు ఉప్పు నీటిలో పెరుగుతాయి కాబట్టి మంచినీటితో వాటికి పని లేదన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. అది నిజం కాదు. ఉప్పును వడకట్టడానికి, బయటికి పంపడానికి చెట్టు శక్తి ఖర్చుపెట్టాలి. ఆ ఖర్చు పెరిగినకొద్దీ ఎదుగుదల తగ్గుతుంది. మడ చెట్లలో చాలా జాతులు సముద్రపు నీటి కంటే పలుచని నీటిలోనే బాగా ఎదుగుతాయి. నేలలో ఉప్పు సముద్రపు నీటిని మించిపోతే చెట్లు గిడసబారతాయి, సున్నితమైన జాతులు ముందుగా కనుమరుగవుతాయి, మొండి జాతులే మిగులుతాయి.

దీనికి సుందర్బన్స్ మంచి ఉదాహరణ. ఆ అడవికి పేరు తెచ్చిన సుందరి చెట్టు మంచినీటి వరద తగినంత వచ్చే చోట్లే ఏపుగా ఎదుగుతుంది. గంగ నీరు తగ్గి ఉప్పు పెరిగిన ప్రాంతాల్లో సుందరి చెట్లు కొన నుంచి కిందికి ఎండిపోతుండటం దశాబ్దాలుగా గమనిస్తున్నదే.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఏడాది రెండు భాగాలుగా నడుస్తుంది. జులై నుంచి అక్టోబరు దాకా వరద వచ్చి పాయల్లో ఉప్పు కడిగేస్తుంది, ఒండ్రు పరుస్తుంది. జనవరి తర్వాత నదీ ప్రవాహం సన్నగిల్లి సముద్రపు నీరు పాయల వెంట లోపలికి ఎక్కుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండకు నీరు ఆవిరై నేలలో ఉప్పు ఇంకా చిక్కబడుతుంది. వానాకాలం బాగుంటే చెట్టు ఆ నాలుగు నెలల లాభంతో వేసవిని నెట్టుకొస్తుంది. వర్షాలు తప్పిన ఏడాది ఆ లాభం ఉండదు.

కృష్ణా మొగల దగ్గర పరిస్థితి మరింత కఠినం. గత శతాబ్దం మొదటి ఆరు దశాబ్దాల్లో కృష్ణా నది సగటున ఏడాదికి సుమారు 57 ఘన కిలోమీటర్ల నీటిని, అంటే దాదాపు 2,000 టీఎంసీలను సముద్రానికి చేర్చేదని పరిశోధకుల అంచనా. 1990 నుంచి 2001 మధ్య అది సుమారు 11 ఘన కిలోమీటర్లకు, అంటే 380 టీఎంసీల ప్రాంతానికి పడిపోయింది. కరవు ఏళ్లలో చివరి పాయకు చేరే నీరు నామమాత్రమే. ఈ మార్పులో వాతావరణం వంతు ఉన్నా, పెద్ద వంతు ఎగువన మూడు రాష్ట్రాల్లో కట్టిన జలాశయాలది, పెరిగిన ఆయకట్టుది.

సముద్రం తగ్గినా ముప్పే

సముద్ర మట్టం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. ఆంధ్ర తీరంలో అది మార్చి ప్రాంతంలో బాగా తక్కువగా, అక్టోబరు, నవంబరుల్లో బాగా ఎక్కువగా ఉంటుంది. గాలుల దిశ, తీరం వెంబడి ఒక కాలంలో ఉత్తరానికి, ఇంకో కాలంలో దక్షిణానికి పారే సముద్ర ప్రవాహం, నదుల నుంచి వచ్చి చేరే తేలికపాటి మంచినీరు దీనికి కారణాలు.

ఈ కాలచక్రంలో మడకు రెండు గడ్డు సమయాలున్నాయి. మొదటిది వేసవి. సముద్రం తగ్గి ఉండటం, నదిలో నీరు లేకపోవడం, ఎండ తీవ్రత మూడూ ఒకేసారి వస్తాయి. మెరక మీదున్న మడకు పోటు నీరు రోజుల తరబడి అందకపోవచ్చు. ఎల్ నినో, దానికి తోడు హిందూ మహాసముద్రంలో 'పాజిటివ్ డైపోల్' అని పిలిచే పరిస్థితి ఏర్పడిన ఏడాదుల్లో బంగాళాఖాతం అంచుల్లో సముద్ర మట్టం మామూలు కంటే ఇంకా తగ్గుతుంది.

ఇది ఎంత దూరం పోగలదో ఆస్ట్రేలియా అనుభవం చూపించింది. 2015 చివర, 2016 మొదట్లో ఆ దేశపు ఉత్తర తీరంలోని కార్పెంటారియా సింధుశాఖ వెంబడి దాదాపు వెయ్యి కిలోమీటర్ల మేర 7,000 హెక్టార్లకు పైగా మడ అడవి కొద్ది నెలల్లో ఎండిపోయింది. అక్కడ తుపాను రాలేదు, ఎవరూ గొడ్డలి పట్టలేదు. బలమైన ఎల్ నినో కారణంగా ఆ ప్రాంతంలో సముద్ర మట్టం తాత్కాలికంగా సుమారు 40 సెంటీమీటర్లు తగ్గిందని, దానికి ఎండ, వానలేమి తోడయ్యాయని శాస్త్రవేత్తలు వివరించారు. చెట్లు దాహంతో చచ్చిపోయాయని చెప్పుకోవచ్చు. సముద్రం పెరగడం ఒక్కటే ప్రమాదమని అనుకునేవారికి ఈ ఘటన ఒక హెచ్చరిక.

రెండో గడ్డు సమయం అక్టోబరు, నవంబరు. ఏడాదిలో సముద్రం అన్నిటికంటే ఎత్తుగా ఉండే ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో తీవ్ర తుపానులు పుడతాయి.

తుపానుకు అడ్డు నిలిచేదీ, దెబ్బ తినేదీ

కోరంగి పేరు తుపానుల చరిత్రలో స్థిరపడిపోయింది. 1789లో ఒకసారి, 1839 నవంబరు 25న మరోసారి వచ్చిన ఉప్పెనలు అప్పట్లో పేరున్న ఆ రేవు పట్టణాన్ని ముంచేశాయి. 1839 తర్వాత కోరంగి మళ్లీ రేవుగా కోలుకోలేదు. 'సైక్లోన్' అనే మాటను సృష్టించిన హెన్రీ పిడింగ్టన్ పరిశీలించిన తుపానుల్లో కోరంగిని ముంచినవీ ఉన్నాయి. ఇక 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను తెలుగువారికి పరిచయం చేయనక్కర్లేదు. అయిదారు మీటర్ల ఎత్తున వచ్చిన నీటిలో అధికారిక లెక్కల ప్రకారమే పది వేల మంది దాకా చనిపోయారు. 1996 నవంబరు 6 తుపాను కోనసీమ, కాకినాడ తీరాల్లో వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది.

మడ అడవి ఇలాంటి తుపానుల నుంచి ఎంతవరకు కాపాడుతుంది? ఇక్కడ అలలు, ఉప్పెన అనే రెండిటిని వేరుచేసి చూడాలి. గాలి లేపే అలల ఎత్తును వంద మీటర్ల వెడల్పున్న మడ అడవి 13 నుంచి 66 శాతం దాకా తగ్గించగలదని వివిధ అధ్యయనాల సారాంశం. ఉప్పెన సంగతి అలా కాదు. మొత్తం సముద్రమే పైకి లేచి లోపలికి వస్తుంది కాబట్టి, ఒక కిలోమీటరు వెడల్పున్న మడ కూడా దాని ఎత్తును 5 నుంచి 50 సెంటీమీటర్ల మేరకే తగ్గిస్తుంది. అంటే పలుచని మడ పట్టీ దివిసీమ ఉప్పెన లాంటిదాన్ని ఆపలేదు. కిలోమీటర్ల లోతున్న దట్టమైన అడవి ఉంటేనే తేడా కనబడుతుంది.

ఆ తేడా ప్రాణాల్లో ఎంతో చెప్పిన అధ్యయనం ఒడిశాలో జరిగింది. 1999 అక్టోబరు 29 నాటి సూపర్ సైక్లోన్‌లో కేంద్రపరా జిల్లాలోని వందలాది ఊళ్ల మరణాల లెక్కలను సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ పరిశీలించారు. సముద్రానికీ ఊరికీ మధ్య మడ ఎక్కువ వెడల్పుగా ఉన్న చోట్ల మరణాలు తక్కువగా నమోదయ్యాయని 2009లో ప్రచురించారు. ముందస్తు హెచ్చరిక, జనాన్ని తరలించడం అంతకంటే ఎక్కువ ప్రాణాలు కాపాడాయని కూడా అదే అధ్యయనం చెప్పింది. అడవి, హెచ్చరిక ఒకదానికొకటి ప్రత్యామ్నాయం కాదన్నమాట.

తుపాను మడను కూడా కొడుతుంది. గాలికి ఆకు రాలుతుంది, కొమ్మలు విరుగుతాయి, అంచున ఉన్న చెట్లు వేళ్లతో సహా లేస్తాయి. తర్వాత కోలుకోవడంలో జాతుల మధ్య తేడా ఉంది. నల్లమడ, తెల్లమడ విరిగిన మొద్దు నుంచి మళ్లీ చిగురిస్తాయి. పొన్న జాతికి ముదురు కాండం మీద చిగురు వేసే శక్తి చాలా తక్కువ. అది విరిగితే కొత్త మొలక రావాల్సిందే. ఉప్పెన తెచ్చిన బురద శ్వాస వేర్లను కప్పేస్తే చెట్లు నెలల తర్వాత కూడా చనిపోతాయి. అదే బురద పలుచగా పరుచుకుంటే నేల మట్టం పెరిగి అడవికి మేలు కూడా జరుగుతుంది. కాబట్టి ఒక తుపాను నుంచి అడవి కోలుకుంటుందా లేదా అన్నది, తర్వాతి తుపాను వచ్చేలోపు దానికి దొరికే వ్యవధి మీద, ఆ వ్యవధిలో అందే మంచినీటి మీద, ఒండ్రు మీద ఆధారపడి ఉంటుంది.

ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు?

1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సగటు సముద్ర మట్టం 20 సెంటీమీటర్లు పెరిగిందని ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం ఐపీసీసీ ఆరో నివేదిక చెబుతోంది. 2006 నుంచి 2018 మధ్య పెరుగుదల వేగం ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు.

మడ అడవి ఈ పెరుగుదలను చూస్తూ ఊరుకోదు. వేళ్ల మధ్య చిక్కిన ఒండ్రుతో, కుళ్లకుండా పేరుకున్న వేళ్లు, ఆకులతో తన కింది నేలను తానే కొంచెం కొంచెంగా ఎత్తు చేసుకుంటుంది. సముద్రం పెరిగే వేగం కంటే నేల పెరిగే వేగం ఎక్కువ ఉన్నంత కాలం అడవికి ముప్పు లేదు.

ఆ పరిమితి ఎంత? ప్రపంచవ్యాప్తంగా 78 చోట్ల మడ అడవుల కింద నేల పొరలను పరిశీలించి, గత పది వేల ఏళ్లలో సముద్ర మట్టం వేగంగా పెరిగిన కాలాల్లో మడ ఏమైందో నీల్ శాంటిలన్ బృందం 2020లో లెక్కగట్టింది. ఏడాదికి 6 మిల్లీమీటర్లు దాటితే మడ అడవి తన నేలను నిలబెట్టుకోలేకపోవడం దాదాపు ఖాయమని తేల్చింది. 2023లో వచ్చిన మరో అధ్యయనం 4 మిల్లీమీటర్ల దగ్గరే ఇబ్బంది మొదలవుతుందని, 7 దాటితే నిలబడటం చాలా కష్టమని చెప్పింది.

ఇక్కడ లెక్కలోకి వచ్చేది సముద్రం పెరుగుదల ఒక్కటే కాదు, నేల కుంగడం కూడా. డెల్టా నేల అంటే నది వేల ఏళ్లుగా పరిచిన మెత్తని ఒండ్రు. అది తన బరువుకు తానే అణిగిపోతూ ఉంటుంది. ఏటా వచ్చే కొత్త ఒండ్రు ఆ లోటు పూడుస్తూ ఉండాలి. కొత్త ఒండ్రు ఆగిపోతే సముద్రం పెరిగే వేగానికి నేల కుంగే వేగం కలుస్తుంది. అంటే ప్రపంచ సగటు ఇంకా పరిమితి దాటకపోయినా, ఒండ్రు అందని డెల్టా ముందుగానే ఆ పరిమితిని చేరుకోవచ్చు.

ఒండ్రు ఎక్కడ ఆగింది?

గోదావరి, కృష్ణా తీరం కోతకు నాగేశ్వరరావు బృందం చూపిన ప్రధాన కారణం ఇదే. 1970 దశకంలో గోదావరి ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రును డెల్టాకు తెచ్చేది. 2000 నుంచి 2006 మధ్య అది 5.7 కోట్ల టన్నులకు తగ్గింది. కృష్ణాలో తగ్గుదల ఇంకా ఎక్కువ. 1960 దశకం చివర్లో ఏటా 90 లక్షల టన్నులుండగా, 2000 తర్వాత 4 లక్షల టన్నుల స్థాయికి పడిపోయింది. మిగతాదంతా ఎగువ జలాశయాల అడుగున పేరుకుంటోంది.

తీరం కోత వేగం కూడా దానికి తగ్గట్టే పెరిగింది. 1965 నుంచి 1990 వరకు ఏడాదికి సగటున 1.39 చదరపు కిలోమీటర్ల నేల పోతే, 1990 దశకంలో అది 2.32కు పెరిగింది. 2000 నుంచి 2008 మధ్య కూడా 2.25 దగ్గరే కొనసాగింది.

అన్ని చోట్లా కోత ఒకేలా లేదు. కోరంగి అడవికి ఒక సహజ రక్షణ ఉంది. గత రెండు శతాబ్దాల్లో గోదావరి తెచ్చిన ఇసుకను తీరప్రవాహం ఉత్తరానికి నెట్టడంతో ఏర్పడిన పొడవాటి ఇసుక దిబ్బే హోప్ ఐలాండ్. కాకినాడ అఖాతాన్ని అది బహిరంగ సముద్రం నుంచి వేరు చేస్తోంది. దాని చాటున అలల తాకిడి తక్కువ. బురద నిలుస్తుంది, మడ మొలకలు నాటుకుంటాయి. ఈ చాటు లేని చోట, అంటే గౌతమీ మొగకు దక్షిణాన, కృష్ణా మొగల దగ్గర సముద్రానికి ఎదురుగా ఉన్న అడవి అంచు నేరుగా అల దెబ్బకు గురవుతుంది. హోప్ ఐలాండ్ నిలవాలన్నా దానికి ఇసుక అందుతూ ఉండాలి. ఆ ఇసుకకు మూలం గోదావరే.

వెనక్కి జరగడానికి చోటేది?

సముద్రం పెరిగినప్పుడు మడ అడవికి మిగిలే ఇంకో దారి వెనక్కి జరగడం. సముద్రం వైపు చెట్లు పోతుంటే లోపలివైపు కొత్త మొలకలు లేస్తాయి. వేల ఏళ్లుగా మడ ఇలాగే బతికింది. ఇప్పుడు ఆ వెనక చోటులో రొయ్యల చెరువులు, కరకట్టలు, రోడ్లు, ఊళ్లు ఉన్నాయి.

దేశంలో సాగు రొయ్యల్లో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌దే. 1990 దశకంలో రొయ్యల సాగు ఉద్ధృతంగా విస్తరించినప్పుడు తీరం పొడవునా ఉప్పు పర్రలు, కొన్ని చోట్ల మడ భూములు చెరువులుగా మారాయి. 1996 డిసెంబరు 11న జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలిలోని రొయ్యల చెరువులపై కఠినమైన తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత 2005లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి, తీరప్రాంత ఆక్వా సాగును ఒక ప్రాధికార సంస్థ కిందికి తెచ్చింది. తీర నియంత్రణ నిబంధనల్లో మడ అడవులకు అత్యంత కఠిన రక్షణ ఉన్న విభాగంలో చోటు దక్కింది. అయినా ఒత్తిడి ఆగలేదు. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ భూమిని చదును చేయడంపై వివాదం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. చెరువు రైతుకు అదే జీవనాధారం. వేటకు వెళ్లే కుటుంబాలకు మడ పాయల్లో పెరిగే రొయ్య పిల్లలు, మండ పీతలు, పండుగప్పలే ఆధారం. సముద్రంలో దొరికే ఎన్నో రకాల చేపలు, రొయ్యలు చిన్నతనంలో తలదాచుకునేది ఈ వేళ్ల మధ్యే. మడ వెనక్కి జరగడానికి చోటు వదలడమంటే ఎవరి భూమి, ఎవరి పరిహారం అన్న ప్రశ్నకు జవాబు చెప్పడమే.

విస్తీర్ణంలో కనబడనివి

మొదట చెప్పిన రెండు లెక్కల మధ్య వైరుధ్యం ఇప్పుడు విడిపోతుంది. అటవీ సర్వే చెప్పే 421 చదరపు కిలోమీటర్లు నికర విస్తీర్ణం. అఖాతాల చాటున, పాయల ఒడ్డున, మొక్కలు నాటిన బీళ్లలో అడవి పెరుగుతూ, సముద్రానికి ఎదురుగా ఉన్న అంచున తరుగుతూ ఉంటే మొత్తం అంకె పెరుగుదలనే చూపిస్తుంది. ఉప్పెన వేళ ఊళ్లకు కావలసింది మాత్రం ఆ ఎదురు అంచే.

అంకె చెప్పని రెండో విషయం సాంద్రత. 2021 నివేదికలో రాష్ట్రంలోని 405 చదరపు కిలోమీటర్లలో 213 మధ్యస్థ సాంద్రత గలవి, 192 పలుచనివి. అత్యంత దట్టమైన మడ ఒక్క చదరపు కిలోమీటరు కూడా లేదు. మూడో విషయం కాలం. 1987 నాటి తొలి అంచనాలో రాష్ట్రంలో 495 చదరపు కిలోమీటర్ల మడ ఉందన్నారు. 2003 నాటికి అది 329కి దిగి, మళ్లీ నెమ్మదిగా పెరిగింది. తొలినాటి ఉపగ్రహ చిత్రాల స్పష్టత తక్కువ కాబట్టి ఆ అంకెలను ఇప్పటివాటితో నేరుగా పోల్చకూడదు. 2000 దశకం మొదటి నుంచి చూస్తే కోలుకోవడం మాత్రం వాస్తవం. అందులో అటవీ శాఖ, స్థానిక సమితులు చేసిన పనికి వంతు ఉంది.

నాటడం కంటే నీరు పారించడం ముఖ్యం

ఆ పనిలో నేర్చుకోదగ్గ పాఠం ఒకటుంది. గతంలో చెట్లను ఒక్కసారిగా నరికేసిన చోట్ల నేల ఎండకు గురై, అణిగి, పళ్లెంలా పల్లమైపోయింది. పోటుకు లోపలికి వచ్చిన నీరు తిరిగి పోయే దారి లేక అక్కడే నిలిచి ఆవిరైంది. ఉప్పు పేరుకుని ఏ మొక్కా మొలవని బీడు మిగిలింది. తమిళనాడులోని పిచ్చావరంలో ఈ సంగతి గుర్తించిన ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, 1990 దశకం రెండో సగం నుంచి గోదావరి, కృష్ణా మడ అడవుల్లోనూ అటవీ శాఖతో, గ్రామస్తులతో కలిసి ఒక పద్ధతి అమలు చేసింది. చేప ముల్లు ఆకారంలో ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వి ఆటుపోట్ల నీరు వచ్చిపోయేలా చేసింది. ఉప్పు కడిగిపోయాకే మొక్కలు నాటారు. బీడు మళ్లీ అడవైంది.

దీనికి భిన్నమైన అనుభవం ఫిలిప్పీన్స్‌ది. అక్కడ దశాబ్దాల పాటు భారీగా మడ మొక్కలు నాటారు. ఎత్తు, ఉప్పు, జాతి చూడకుండా దొరికిన బురదలో నాటడంతో చాలా చోట్ల బతికినవి 10 నుంచి 20 శాతమే. 2023 జూన్ 5న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన 'మిష్టి' పథకం తొమ్మిది రాష్ట్రాలు, నాలుగు కేంద్రపాలిత ప్రాంతాల్లో దాదాపు 540 చదరపు కిలోమీటర్ల మడను అభివృద్ధి చేయాలని లక్ష్యం పెట్టుకుంది. దాని ఫలితాన్ని నాటిన మొక్కలతో కాకుండా, అయిదేళ్ల తర్వాత నిలిచిన చెట్లతో కొలవాల్సి ఉంటుంది.

'సముద్రం పాలవుతున్న నీరు'

కార్బన్ ఉద్గారాలను తగ్గించడం, ఎల్ నినోను, తుపానును అదుపు చేయడం ఒక రాష్ట్రం చేతిలో లేని పనులు. నది మాత్రం చేతిలో ఉన్నదే. ఇక్కడే తెలుగు రాష్ట్రాల నీటి రాజకీయాల్లో తరచూ వినిపించే ఒక మాటను తిరిగి చూడాల్సి వస్తుంది. గోదావరి నీరు ఏటా 'వృథాగా సముద్రం పాలవుతోంది' అన్నది ఆ మాట.

రాయలసీమ, ఉత్తరాంధ్ర, తెలంగాణల నీటి అవసరాలు నిజమైనవి. వాటిని ఎవరూ కాదనలేరు. అయితే సముద్రంలోకి పోయే ప్రతి టీఎంసీ వృథా కాదు. ఆ నీటిలో కొంత పాయల్లో ఉప్పు కడుగుతుంది, కొంత ఒండ్రు మోస్తుంది, కొంత చేపల గుడ్లకు, రొయ్య పిల్లలకు అనువైన నీటిని సిద్ధం చేస్తుంది. ఎంత నీరు, ఏ నెలలో, ఎంత ఒండ్రుతో మొగ దాకా చేరితే మడ నిలబడుతుందో లెక్కగట్టి, ఆ వాటాను ప్రాజెక్టుల నిర్వహణలో భాగం చేయడం ఇంజినీర్లకు అసాధ్యం కాదు. జలాశయాల నుంచి వరద కాలంలో పూడికను కిందికి వదిలే పద్ధతులు ఇతర దేశాల్లో అమల్లో ఉన్నాయి. పోలవరం పూర్తయితే డెల్టాకు ఎగువనే మరో పెద్ద జలాశయం తయారవుతుంది కాబట్టి గోదావరి విషయంలో ఈ లెక్క ఇప్పుడే తేలాలి. కృష్ణా ఇప్పటికే చూపించిన ఫలితం కళ్ల ముందుంది.

ప్రపంచంలోని మడ ఆవరణ వ్యవస్థల్లో సగం కుప్పకూలే ముప్పులో ఉన్నాయని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2024లో హెచ్చరించింది. గోదావరి మడ ఇంకా కోలుకునే శక్తి ఉన్న అడవుల్లో ఒకటి. హోప్ ఐలాండ్ చాటు ఉంది, నదిలో వరద ఉంది, బీళ్లను బాగుచేసిన అనుభవం ఉంది. సముద్రం ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లు వేగం పెంచినా తట్టుకునేంత ఒండ్రు ఆ అడవికి అందుతుందా అన్నది కాకినాడ తీరంలో కాదు, ఎగువన గేట్ల దగ్గర తేలుతుంది.